ఈగ పొర

బావ తెచ్చిన రాయిని ఆమె ముందుగా కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. అరచేతి వెడల్పు పలక, బూడిద రంగు. మధ్యలో బియ్యపుగింజంత గోధుమరంగు మరక.

"తుప్పు అనుకుని పారేయబోయాను," అన్నాడు బావ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "తీరా చూస్తే కాళ్లున్నాయి. కాళ్లున్న మరకలన్నీ మా మరదలి ఆస్తే కదా అని పట్టుకొచ్చా."

ఆమె మ్యూజియంలో పురుగుల విభాగంలో చేరి పంతొమ్మిదేళ్లయింది. అందరూ ఈగలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, ఇప్పుడు ముఖం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. అక్క మొగుడు బస్సులో గంట దూరాన ఉన్న పలకరాళ్ల గనిలో మేస్త్రి. ఇళ్లలో నేల మీద పరిచే బండలు అక్కడివే. ఉలి మొన ఆనించి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, రాయిని పుస్తకంలా తెరవడం అతని పని. పొరల మధ్య ఏదైనా గీతో మరకో కనిపిస్తే సంచిలో వేసుకుని మరదలికి తెచ్చేవాడు. ఇన్నేళ్లలో ఆకులు వచ్చాయి, చేప పొలుసులు వచ్చాయి. చాలావాటిలో ఏమీ ఉండేది కాదు.

ఆమె మరక మీద ఒక చుక్క ఆల్కహాల్ వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. రాయి తడిసినంతసేపే అందులోని గీతలు తేలతాయి. ఆరిపోగానే మళ్లీ మరకే. ఆ ఒక్క నిమిషంలో ఆమెకు ఈగ మొత్తం కనిపించింది. ఒక రెక్క చాచి ఉంది, ఒకటి ఒంటి కింద మడతపడి ఉంది. ఈగ జాతులన్నిటికీ గుర్తయిన గుండుసూది తలలాంటి బొడిపె వెనకరెక్క ఉండాల్సిన చోట స్పష్టంగా ఉంది. తల ముందు భాగంలో, తలకు రెట్టింపు పొడవున, సూదిలాంటి ముక్కు.

"బావా, దీని రెండో ముక్క ఏది?"

"రెండోదేంటి?"

"రాయి తెరిస్తే రెండు పేజీలొస్తాయి కదా. ఈగ సగం ఇటు అంటుకుంటుంది, సగం అటు."

"పెంకుల కుప్పలో ఉంటుంది. వెతుకుతాలే. కొత్తదా ఏంటి?"

"కొత్తదే అనిపిస్తోంది. అదే అయితే నీ పేరు పెడతాను."

"చచ్చిన ఈగకి నా పేరా! మీ అక్క బతికున్న నన్నే ఈగలా తోలేస్తుంది, అది చాల్లే."

తర్వాతి రెండు నెలలు ఆమె ఆ రెక్కను గీస్తూ గడిపింది. కొత్త జాతి అని చెప్పడం తేలిక, నిరూపించడం కష్టం. పదహారు కోట్ల ఏళ్ల కిందటి ఆ కాలపు ఈగల గురించి ఎవరెవరు ఎక్కడ ఏం రాశారో అంతా ముందు పెట్టుకుని, ఒక్కొక్క రెక్కనూ దీనితో పోల్చాలి. దీని దగ్గరి బంధువులన్నిటికీ రెక్కలో నాలుగో నరం మూడుగా చీలుతుంది. దీనికి రెండుగానే చీలింది. ఆమె ఆ చీలికను నలభైసార్లు కొలిచింది.

విభాగానికి పెద్దాయన, పదవీ విరమణకు ఏడాది దూరంలో ఉన్న మనిషి, ఆమె బొమ్మలు చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అద్భుతంగా ఉందమ్మా. కానీ ఒక్క ఈగతో నమ్మరు. ఒక నరం చెరిగిపోతే లేదనుకున్నావంటారు. ఇంకా తెప్పించు."

ఇంకా వచ్చాయి. మొదటి నెలలో రెండు, తర్వాత వారానికి రెండు మూడు చొప్పున బావ తెచ్చిపెట్టాడు. అన్నీ ఒకే పొరలోవి. బండల మధ్య వేలు మందాన ఉన్న మెత్తటి మట్టి పొర అది. గనిలో వాళ్లు దానికి అప్పుడే ఈగ పొర అని పేరు పెట్టేశారు. పద్నాలుగో ఈగ వచ్చిన రోజు ఆమె రాయిని అటూ ఇటూ తిప్పి, అంచులు తడిమి అడిగింది.

"వీటికి ఉలి గాట్లు లేవేంటి బావా?"

"ఉలి పెట్టలేదు. చేత్తో పట్టి లాగితే వచ్చేస్తోంది."

"ఇదివరకు అలా వచ్చేది కాదుగా?"

"ఇదివరకు అరపూట కొడితే గానీ ఊడేది కాదు. ఈమధ్య మెత్తబడింది. నీ అదృష్టం, ఈగ నలగకుండా వస్తోంది."

నిజమే, నలగకుండా వచ్చింది. కాళ్ల మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆమె సంతోషపడింది. ఆ సంతోషాన్ని ఆమె తర్వాత చాలాకాలం మరచిపోలేకపోయింది.

వ్యాసంలో ఈగ దొరికిన చోటు గురించి కూడా రాయాలి. ఏ పొర, ఎంత మందం, పైన ఏముంది, కింద ఏముంది అన్నీ ఉండాలి. అందుకని ఒక ఉదయం ఆమె గనికి వెళ్లింది. కొండను కడుపు దగ్గర కోసి మెట్లుగా తీసుకుంటూ పోయారు. కోసిన పక్కగోడలో పొరలన్నీ దుప్పట్లు మడతపెట్టి పేర్చినట్టు ఉన్నాయి, కాకపోతే ఆ దొంతర ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒరిగిన వైపు, దిగువన, గని పనివాళ్ల ఇళ్లు. ఒకే వరసలో ఇరవై రెండు. అక్కావాళ్లది మూడోది.

ఆమె గోడను తుడిచి, దారానికి గుండు కట్టి వేలాడదీసి, దాని వెంబడి తెల్లరంగుతో పైనుంచి కిందకి నిటారుగా గీత గీసింది. గీత పక్కన పొరలకు అంకెలు వేసింది. మొత్తం నలభై ఒకటి. ఈగ పొర కింద నుంచి పదిహేడోది, నడుమెత్తున ఉంది. వేలు పెడితే చల్లగా, జిగటగా తగిలింది. స్కేలు ఆనించి ఫొటోలు తీసుకుంది.

మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికి వెళ్లింది. అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. గుమ్మంలో గుర్రు బాబాయి కూర్చుని చొక్కా బొత్తాం కోసం ఎదురుచూస్తున్నాడు. రాత్రంతా గని గుంటలో నీళ్లు తోడే పంపు దగ్గర కాపలా ఉండి, పగలంతా పడుకునే మనిషి. ఆయన గురక వరస చివరి ఇంటికి కూడా వినిపిస్తుందని ఆ పేరు.

"పంపుకి పని లేకుండా పోయిందమ్మా," అన్నాడు ఆమెతో. "మొన్న అంత వాన పడిందా? తెల్లారి చూస్తే గుంటలో చెంబెడు నీళ్లు లేవు. నాకు జీతమెందుకు ఇస్తున్నట్టో."

"నీళ్లెక్కడికి పోయాయి బాబాయి?"

"ఏమో, కొండ తాగేసింది."

అక్క నోట్లోంచి సూదులు తీసి నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

ఎనిమిది రోజుల తర్వాత వ్యాసం శుభ్రంగా రాసుకుంటుంటే ఈగ పొర మందం నోటుపుస్తకంలో ఒకలా, ఫొటో మీద రాసుకున్న చీటీలో ఒకలా ఉంది. అయిదు మిల్లీమీటర్ల తేడా. అంత చిన్నదానికి గని దాకా వెళ్లాలా అని పెద్దాయన విసుక్కున్నా ఆమె బస్సెక్కింది.

గోడ దగ్గరికి వెళ్లి స్కేలు తీసి ఆగిపోయింది. గీత నిటారుగా లేదు. కింద నుంచి పదిహేడో పొర దాకా తిన్నగా వచ్చింది. ఆ పైన మళ్లీ తిన్నగానే ఉంది, కానీ కాస్త పక్కకి, ఇళ్ల వైపుకి జరిగి మొదలైంది. కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు.

చేయి కదిలి ఉంటుందనుకుంది. ఫోనులో ఫొటో తెరిచి చూసింది. అందులో గీత ఒక్కటే, ఎక్కడా విరగలేదు.

బావను కేకేసింది. బావ వచ్చి గీతను చూశాడు, ఆమె చేతిలో ఫొటోను చూశాడు. తర్వాత గోడ మీద అరచెయ్యి ఆనించి, పిల్లాడికి జ్వరముందేమో చూస్తున్నట్టు, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"పైదంతా కదులుతోందా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"ఈగ పొర మీద జారుతోంది. వాననీళ్లన్నీ అందులోకే పోతున్నాయి."

పైదంతా అంటే ఇరవై నాలుగు పొరల రాయి, దాని మీద చెట్లతో సహా సగం కొండ.

ఆమె సెలవు పెట్టి అక్క ఇంట్లో ఉండిపోయింది. రోజూ ఉదయం గీత కొలిచేది. మర్నాడు ఆరు. ఆ మర్నాడు కూడా ఆరే. ఆ రోజు అన్నం సయించింది. సాయంత్రం వాన పడింది, తెల్లారి పదకొండు.

గని మేనేజరు మర్యాదస్తుడే. ఆమెను కూర్చోబెట్టి, ఫ్యాను తిప్పి, ఫొటోలు రెండూ చూశాడు.

"మేడమ్, రంగు గీత చూసి గని మూసెయ్యమంటున్నారా? బండలన్నాక సర్దుకుంటాయి. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను."

"సర్దుకోవడం కాదండీ, జారడం. మూడు రోజుల్లో దాదాపు మూడింతలైంది."

"మీరు ఈగల నిపుణులు. రేపు ఈగల గురించి నేను మీకు చెబితే ఎలా ఉంటుంది? పై ఆఫీసుకి రాస్తాను, ఇంజినీరు పదిరోజుల్లో వస్తాడు. అంతవరకూ దయచేసి ఎవరినీ కంగారు పెట్టొద్దు."

గనుల శాఖకు ఆమె తనే రాసింది. తనిఖీకి క్రమంలో వస్తామని జవాబు వచ్చింది. పెద్దాయనకు ఫోన్ చేసి అంతా చెప్పింది. "అమ్మా, ఫిర్యాదు ఎలాగూ చేశావు. గోడకి కంచె వేసేలోపు ఇంకో రెండు రాళ్లు తీయించగలవేమో చూడు," అన్నాడు. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. గీత విరిగిందని తెలిసిన మొదటి నిమిషంలో తన మనసులోకి వచ్చిన ఆలోచనా అదే. అందుకే ఫోను పెట్టేశాక చేతులు కడుక్కోవాలనిపించింది.

గీత తేడా ఇరవై మూడుకి చేరిన రోజు బావ పనివాళ్లను కింది మెట్టు మీదికి దింపనన్నాడు. మేనేజరు అందరి ముందూ అడిగాడు.

"ఎవరు చెప్పారు నీకు దింపొద్దని?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేను దిగను. నేను దిగని చోటికి వాళ్లనెలా దింపుతాను?"

"అయితే ఇంటికెళ్లు. నేను పిలిచేదాకా రాకు."

బావ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అక్క మిషను తొక్కడం ఆపలేదు.

"ఇద్దరూ కలిసి కొండని కూల్చేసేలా ఉన్నారు," అంది. "ఇది చిన్నప్పటినుంచీ అంతే. పిల్లి కదిలితే దొంగ అని అరిచేది. నువ్వూ దీని మాట పట్టుకుని పని పోగొట్టుకున్నావు."

"అక్కా, ఒక్కసారి వచ్చి చూడు."

"ఏం చూడను? ముప్ఫై యూనిఫారాలు ఇవ్వాలి రేపటికి."

"చూసి నీకేమీ అనిపించకపోతే నేను ఈ పూటే బస్సెక్కి వెళ్లిపోతాను. మళ్లీ మాట్లాడను."

అక్క మెడలో టేపుతోనే వచ్చింది. గోడ దగ్గర నిలబడి విరిగిన గీతను చూసింది. చేత్తో ముట్టుకోలేదు. మెడలోంచి టేపు తీసి తనే కొలిచింది. అంకె చూసి మళ్లీ కొలిచింది.

"పైగుడ్డ జారుతోంది," అంది నెమ్మదిగా.

"ఏంటక్కా?"

"మిషను కింద రెండు గుడ్డలు పెట్టి కుడితే, కింది గుడ్డని పళ్లు పట్టి లాగుతాయి, పైది జారుతుంది. మొదట దారమంత. పట్టించుకోకపోతే చివరికొచ్చేసరికి జానెడు." ఆమె తలెత్తి పైకి, చెట్ల దాకా చూసింది. తర్వాత కిందకి తిరిగి వరసలో తన ఇల్లెక్కడుందో చూసుకుంది. "పద."

ఇంటికి వెళ్లి ముందు మిషనుకి ముసుగు కట్టింది. తర్వాత గడపగడపకీ వెళ్లింది. కొందరికి గీత సంగతి చెప్పింది. కొందర్ని తిట్టింది. మొండికేసిన ఒకావిడతో, "కదలకపోతే మీ అమ్మాయి బట్టలు సగం కుట్టినవి సగంలోనే ఇచ్చేస్తా," అని బెదిరించింది. సాయంత్రానికల్లా ఇరవై రెండు ఇళ్ల వాళ్లూ పరుపులూ గిన్నెలూ, అక్క మిషనూ మోసుకుని, సెలవులకి మూసి ఉన్న బడి హాల్లోకి చేరారు. తాళం అడ్డమొస్తే బావ ఉలితో తీశాడు.

మొదటి రోజు ఏమీ కాలేదు. ముప్ఫై ఒకటి. రెండో రోజూ ఏమీ కాలేదు. ముప్ఫై ఎనిమిది. మూడో రోజు మేనేజరు గోడ చుట్టూ తీగ కట్టించి, ఆమెను గనిలోకి రానివ్వద్దని కాపలావాడికి చెప్పాడు. ఇక అంకె లేదు. అంతకుముందు భయానికి ఒక కొలతైనా ఉండేది.

హాల్లో సణుగుడు మొదలైంది. ఒకే కుళాయి, అరవై మంది. "ఈగలమ్మ మాట విని మనమూ ఈగల్లా ముసురుకున్నాం," అన్నారెవరో, వినపడేలాగే. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని విననట్టు నటించింది. తన లెక్క తప్పయితే బాగుండునని కోరుకుంది, తప్పయితే బావ పని సంగతేమిటని భయపడింది. రెండూ ఒకేసారి.

నాలుగో రోజు ఎండ కాసింది. మేనేజరు ఆరుగుర్ని నచ్చజెప్పి పై మెట్టు మీద పని మొదలుపెట్టించాడు. సుత్తి చప్పుడు బడి దాకా వినిపించింది. ఆ చప్పుడు వింటే అంతా మామూలుగానే ఉన్నట్టు తోచింది. గుర్రు బాబాయి దుప్పటి చంకలో పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి బాబాయి?" అంది ఆమె.

"ఈ గోలలో పగలు నిద్రెలా పడుతుందమ్మా? మూడు రోజులైంది రెప్ప వాల్చి. ఒక్క రెండు గంటలు నా మంచం మీద పడుకుని వచ్చేస్తా."

"వద్దు బాబాయి, ఇక్కడే ఎక్కడైనా..."

"నా గురకకి భయపడి కొండే ఆగుతుందిలే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. మూడు రోజులుగా అందరినీ కంగారు పెట్టిన మనిషి మరోసారి అరిస్తే ఎలా ఉంటుందోనని మొహమాటపడింది. ఆయన ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక సుత్తి చప్పుడు ఆగిపోయింది. భోజనానికి ఆపారనుకున్నారు. తర్వాత ఎవరో పరిగెత్తుతూ వేసిన కేక వినిపించింది. ఆమె బయటికి వచ్చేసరికి కొండ మీది చెట్లు నిలబడినవి నిలబడినట్టే కిందకి వస్తున్నాయి. ముందు తొందరేమీ లేకుండా, బండి మీద ఊరేగుతున్నట్టు వచ్చాయి. తర్వాత అన్నీ ఒకేసారి వెనక్కి వాలాయి, దుమ్ము లేచింది, లారీలోంచి బండలన్నీ ఒక్కసారి దొర్లించినట్టు శబ్దం వచ్చింది. అది ఎంతకీ ఆగలేదు. ఆగాక వరస ఇళ్లున్న చోట ఇళ్లు లేవు. వాటి కన్నా ఎత్తున పలకలు, ఒకదాని మీద ఒకటి, తడి మెరుస్తూ పడి ఉన్నాయి.

పై మెట్టు మీది ఆరుగురూ పక్కకి పరిగెత్తి బతికారు. కాలు విరిగిన మేనేజరును బావే వీపు మీద మోసుకొచ్చాడు. గుర్రు బాబాయి మర్నాటి సాయంత్రం దొరికాడు, మంచం మీదే.

నెల తర్వాత విచారణ జరిగింది. పెద్ద బల్ల వెనక ముగ్గురు అధికారులు, ఒక టైపిస్టు. ఆమె ఫొటోలు, కొలతల పుస్తకం ఇచ్చింది. నడుమ కూర్చున్న అధికారి అవి చూసి, ఆమెను మెచ్చుకుంటూనే అడిగాడు.

"అంటే మీకు మొదట తెలిసింది గీత విరిగిన రోజున?"

అవునంటే సరిపోయేది.

"కాదు. అంతకు ముందే రాళ్లు ఉలి లేకుండా ఊడొచ్చేవి. పొర మెత్తబడిందని నాకు అప్పుడే తెలియాలి. తెలియలేదనలేను. నాకు రాళ్లు కావాలి, అందుకని ఆలోచించలేదు."

టైపిస్టు చేతులు ఆగాయి. రాయమన్నట్టు అధికారి తల ఊపాడు.

బయట బల్ల మీద బావ ఉన్నాడు, అతని వంతు అయిపోయింది. ఏం చెప్పావని అడిగాడు. చెప్పింది. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వేళ్లు చూసుకున్నాడు.

"నేనది చెప్పలేదు. వాళ్లు అడగలేదు."

"పోనీలే బావా."

"పోనీ ఏంటి? లాగింది నా చెయ్యి." లేచి, తలుపు తట్టి, మళ్లీ లోపలికి వెళ్లాడు.

గని మూతపడింది. వరస వాళ్లు తలో దిక్కుకీ చెదిరారు. అక్క మిషను బతికింది కాబట్టి అద్దెగది కిటికీలో పెట్టుకుని కుడుతోంది. వాన మొదలైతే మాత్రం మిషను ఆపేసి గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. బావ ఇళ్లలో బండలు పరిచే పనికి వెళుతున్నాడు. ఈగకు తన పేరు ఎత్తొద్దని అతను గట్టిగా చెప్పాడు, ఆమె కూడా అడగలేదు. దాని పొడుగు ముక్కును బట్టే పేరు పెట్టింది. వ్యాసం ఏడాదికి అచ్చయింది.

అచ్చయిన నెలలోనే గనుల శాఖ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. ఈగ పొరను చూసి గుర్తుపట్టగలిగిన మనిషి ఆమె తప్ప వాళ్లకు దొరకలేదు. అదే కొండ, అదే వాలు, రెండు మైళ్ల అవతల ఇంకో పేట ఉంది, వంద ఇళ్లు. ఒక ఉదయం ఆమె, ఇద్దరు సర్వేయర్లు అక్కడికి వెళ్లారు. మొదటి ఇంటి పెరట్లో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది.

"ఎవరి కోసమండీ?" అంది ఆవిడ, చేతిలో తడి దుప్పటితో.

"ఎవరి కోసమూ కాదమ్మా," అంది ఆమె. "మీ పెరటి వెనక గట్టు ఒకసారి చూడొచ్చా?"

ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. గట్టు మీద నాచు ఉంది. ఆమె చాకు తీసి, నడుమెత్తున, మెల్లగా గీకడం మొదలుపెట్టింది.